రూపాయి ధర లేని సాఫ్ట్‌వేర్‌కి అయిదు నెలల పర్మిషన్: ఎన్‌వీడీఏతో నా ఆరేళ్లు

మా బ్రాంచిలో కొత్తగా చేరిన అటెండర్ కుర్రాడు మొదటి వారంలోనే రెండుసార్లు నా కంప్యూటర్‌ని ప్లగ్గు దగ్గర ఆపేశాడు. అతన్ని అనడానికి లేదు. తెర చూస్తే నల్లగా ఉంది. నేనేమో ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. మేడమ్ గారు ఖాళీగా ఉన్నారు, కరెంటు దండగ అనుకున్నాడు పాపం. ఆ టైములో నేను ఒక డ్వాక్రా సంఘంలోని పదకొండు మంది వివరాలు ఎక్కిస్తున్నాను. తొమ్మిదో పేరు దగ్గర ఉండగా చెవిలో గొంతు ఠక్కున ఆగిపోయింది. సేవ్ చెయ్యలేదు.

ఆ నల్ల తెర పేరు స్క్రీన్ కర్టెన్. ఆ గొంతు ఎన్‌వీడీఏది. ఆరేళ్లుగా నా ఉద్యోగం దీని మీదే నడుస్తోంది. ట్రైనింగులో పరిచయమైన పిల్లలు దీని గురించి రాయమని ఎప్పటినుంచో అడుగుతున్నారు. బద్ధకించాను. ఇప్పుడు రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎన్‌వీడీఏ అంటే నాన్ విజువల్ డెస్క్‌టాప్ యాక్సెస్. విండోస్ కంప్యూటర్ తెర మీద ఏముందో పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే ఆయన మొదలుపెట్టారు, తర్వాత స్నేహితుడు జేమ్స్ టెహ్ తోడయ్యారు. ఇద్దరికీ చూపు లేదు. అందుకేనేమో దీన్ని వాడుతుంటే, మన ఇబ్బంది తెలిసినవాళ్లే చేశారని అడుగడుగునా తెలుస్తుంది. ధర సున్నా. డౌన్‌లోడ్ పేజీలో విరాళం ఇస్తారా అని అడుగుతుంది. ఇవ్వకపోయినా ఫైలు దిగుతుంది. నేను మొదట ఇవ్వలేదు, మొదటి ఇంక్రిమెంటు పడ్డాక ఇచ్చాను.

ఇక నా సంగతి. అమ్మానాన్నలది మేనరికం. నాకూ తమ్ముడికీ రెటినైటిస్ పిగ్మెంటోజా. ఊళ్లో రేచీకటి అనేవాళ్లు. చిన్నప్పుడు పొద్దుగూకితే గడప తగిలి పడేదాన్ని. పెద్దయ్యేకొద్దీ చూపు గొట్టంలోంచి చూసినట్టు ఇరుకైపోయింది. 2011లో ఐబీపీఎస్ అనే బ్యాంకు ఉద్యోగాల పరీక్షల సంస్థ చాలా ప్రభుత్వ రంగ బ్యాంకులకి కలిపి మొదటిసారి క్లర్కు పరీక్ష పెట్టింది. అది రాసి, అప్పటికి అమల్లో ఉన్న 1995 నాటి వికలాంగుల చట్టం కింద 3 శాతం కోటాలో 'లో విజన్' అభ్యర్థిగా ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో చేరాను. బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం. మొదటి ఏడేళ్లు భూతద్దంతోనూ, తెర మీద అక్షరాల్ని పెసరట్టంత చేసుకునీ నెట్టుకొచ్చాను. 2019 వేసవికి ఆ పెసరట్లు కూడా కనపడటం మానేశాయి.

అప్పటి మేనేజర్ గారు చెడ్డమనిషి కాదు. "ఎందుకమ్మా ఇబ్బంది, వీఆర్ఎస్ సంగతి ఆలోచించు. లేదంటే ఆ ఎంక్వయిరీ టేబుల్ దగ్గర కూర్చో. జీతం ఎటూ వస్తుంది" అన్నారు. ప్రేమగానే అన్నారు. అదే చిక్కు. కసురుకుంటే ఎదురు మాట్లాడొచ్చు, జాలిపడితే ఏం మాట్లాడతాం?

ఎంక్వయిరీ టేబుల్ మీద కంప్యూటర్ లేదు. ఒక డిపాజిట్ ఫారాల కట్ట, దారంతో కట్టిన పెన్ను, అంతే. "ఫారం ఎక్కడమ్మా?" "ఇదిగోండి." "సంతకం ఎక్కడమ్మా?" ఆ రెండో ప్రశ్నకి నాకు జవాబు తెలిసినా వేలు పెట్టి చూపించలేను. పక్క కౌంటర్ కొలీగ్ లేచి వచ్చి చూపించేది. రోజుకి నలభైసార్లు. ఆవిడ విసుక్కోలేదు, నాకే సిగ్గేసేది.

సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లాను. బంజారా హిల్స్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తెప్పించుకోవడానికి కాదు, చూపు లేకుండా పని చెయ్యడం నేర్పే పునరావాస కేంద్రం కోసం. నాకు కంప్యూటర్ నేర్పిన కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. వరంగల్ వైపు మాట, పుట్టుకతోనే చూపు లేదు. మొదటి రోజు అతనన్న మొదటి మాట: "అక్కా, ముందు ఆ మౌస్ పీకి డ్రాయర్ల పెట్టండి."

అప్పటిదాకా మౌస్ పట్టుకుని బాణం ఎక్కడుందో వెతుక్కోవడమే కంప్యూటర్ వాడటం అనుకున్నాను. ఎన్‌వీడీఏలో బాణంతో పనే లేదు. అంతా కీబోర్డే. ఇన్సర్ట్ గానీ క్యాప్స్ లాక్ గానీ దానికి తాళంచెవి, దాన్నే ఎన్‌వీడీఏ కీ అంటాం. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకి దూకుతుంది, కె నొక్కితే లింకుకి, టి నొక్కితే పట్టికకి, బి నొక్కితే బటన్‌కి. వాగుడు ఎక్కువైతే కంట్రోల్ నొక్కగానే నోరు మూసుకుంటుంది. ఇంట్లో కూడా ఇలాంటి బటన్ ఒకటుంటే బాగుండునని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు.

మూడు వారాలకి చేతికి వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరిగే పోర్టబుల్ కాపీ ఒకటి చేసిచ్చాడు. బ్రాంచికి వచ్చి కంప్యూటర్‌కి పెట్టాను. యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉన్నాయి. సెక్యూరిటీ. న్యాయమే, బ్యాంకు కదా. పైగా పోర్టబుల్ కాపీ లాగిన్ తెరల్లాంటి చోట్ల పలకదు, పూర్తిగా ఇన్‌స్టాల్ చేస్తేనే ఉపయోగం. ఐటీ విభాగానికి మెయిల్ పెట్టాను. నెల తర్వాత ఒక్క వాక్యం జవాబు: "థర్డ్ పార్టీ సాఫ్ట్‌వేర్ అనుమతించబడదు."

ఇక్కడ నుంచి ఇది సాఫ్ట్‌వేర్ రివ్యూ కాదు, చట్టం రివ్యూ. రెండూ కలిపే రాయాలి, ఎందుకంటే రెండూ విడివిడిగా నాకు పని చెయ్యలేదు.

1995 చట్టం పోయి, 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు. ఏడు రకాల వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి, ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా 3 నుంచి 4 శాతం అయింది. అందరికీ తెలిసింది ఇంతవరకే. మా యూనియన్ వాళ్లకి కూడా కోటా తప్ప ఏమీ తెలియదు. కోటా గుమ్మం దాటిస్తుంది. దాటాక లోపల ఏం జరగాలన్నది సెక్షన్ 20లో ఉంది. ప్రభుత్వ సంస్థ తన వికలాంగ ఉద్యోగికి తగిన సదుపాయం కల్పించాలి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినా తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి కుదరకపోతే అదే జీతం మీద వేరే పని ఇవ్వాలి. అదీ కుదరకపోతే సరైన పోస్టు దొరికేదాకానో, రిటైర్ అయ్యేదాకానో అదనపు పోస్టు సృష్టించి ఉంచాలి. అసలు కీలకం నిర్వచనాల్లో దాక్కుని ఉంది: తగిన సదుపాయం నిరాకరించడం కూడా వివక్షే అని సెక్షన్ 2లో రాసి ఉంది. నాకు దీన్ని చదివి వినిపించింది కూడా ఎన్‌వీడీఏనే, ఇంట్లో మా అబ్బాయి ల్యాప్‌టాప్ మీద.

సదుపాయం అనే మాటకి చట్టం ఒక మినహాయింపు పెట్టింది. యజమాని మీద మితిమీరిన భారం పడేదైతే ఇవ్వక్కర్లేదు. అది విన్నప్పుడు నవ్వొచ్చింది. సున్నా రూపాయల భారం ఎంత మితిమీరుతుంది?

ఐటీ వాళ్ల ఆ ఒక్క వాక్యం తర్వాత నాలుగు నెలలు మెయిళ్లకి జవాబు లేదు. సెక్షన్ 23 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు రిజిస్టరులో ఎక్కించాలి, రెండు వారాల్లో విచారించాలి. మా పై ఆఫీసులో ఆ కుర్చీ ఎవరిదో కనుక్కోవడానికే నాలుగు ఫోన్లు పట్టింది. ఒక పేజీ ఉత్తరం రాశాను. కోపం ఎక్కడా లేదు. మూడు సెక్షన్ల నంబర్లు, నా బ్లూ కలర్ యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) జెరాక్స్, సాఫ్ట్‌వేర్ పేరు, అది ఓపెన్ సోర్స్ అన్న సంగతి. చివర్లో 'రిజిస్టరు నంబరు తెలుపగలరు' అని రాశాను. నా అనుభవంలో ఉత్తరం మొత్తంలో పని చేసింది ఆ చివరి లైను.

పన్నెండో రోజు పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, ఆ సాఫ్ట్‌వేర్ ఖరీదెంత? కొటేషన్ పెట్టలేదు మీరు."

"సున్నా సార్."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మరి ఇన్నాళ్లు ఎందుకు ఆగింది?" అన్నారాయన. నన్నే అడిగారు.

2020 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఐటీ వాళ్ల మనిషి వచ్చి ఇన్‌స్టాల్ చేశాడు. టీ చల్లారేలోపు అయిపోయింది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలు.

గొంతు. దీంతో వచ్చే ఈస్పీక్ గొంతు మనిషి గొంతు కాదు. ఎవరి గొంతునో రికార్డు చేసి అతికించింది కాకుండా, మొత్తం లెక్కలతో పుట్టించిన శబ్దం. మొదటిసారి విన్నవాళ్లకి రేకు డబ్బాలో రోబో ఉన్నట్టుంటుంది. మా అత్తగారు విని "ఎవరమ్మా ఆ జలుబు చేసినాయన?" అన్నారు. కానీ వేగం పెంచి చూడండి. తియ్యటి గొంతులు వేగం పెంచితే ముద్దముద్దగా అయిపోతాయి, ఇది మాత్రం అక్షరం అక్షరం విడిగా వినపడుతుంది. ఇప్పుడు నేను వినే వేగంలో మా కొలీగ్స్‌కి ఒక్క ముక్క అర్థం కాదు. అదీ ఒక భద్రతే. కస్టమర్ బ్యాలెన్స్ పక్కవాళ్లకి వినపడినా తెలియదు, స్క్రీన్ కర్టెన్ వేస్తే కనపడదు కూడా.

తెలుగు. ఈస్పీక్‌లో తెలుగు ఉంది. యాస వింతగా ఉంటుంది. మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటల్నీ ఒక మోస్తరుగా లాక్కొస్తుంది. పేపరు చదువుకోవడానికి హాయిగా ఉండదు గానీ, దరఖాస్తులో పేరు, ఊరు చదవడానికి చాలు.

అంకెలు. ఇక్కడ జాగ్రత్త, బ్యాంకుల్లో ఉన్నవాళ్లు ముఖ్యంగా. మన లక్షల కామాలు ఇంగ్లీషు గొంతుకి అంతుపట్టవు. మొదటి నెలలో ఒక పెద్దావిడ లోను వివరాలు అడిగింది. నా చెవిలో 'వన్' అని ఒక చిన్న విరామం, తర్వాత 'ట్వెంటీ ఫైవ్ థౌజండ్' అని వినపడింది. ఆ 'వన్' వరస నంబరేమో అనుకుని "పాతికవేలు అమ్మా" అనేశాను. "లక్షా పాతికవేలు కదమ్మా నేను తీసుకుంది?" అంది ఆవిడ. నిజాయితీగల మనిషి కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఏ మొత్తమైనా నంబర్ ప్యాడ్‌లో 5 రెండుసార్లు నొక్కి, ఒకటి, కామా, రెండు, అయిదు, కామా అని విడగొట్టి వింటాను. ఆ తర్వాతే నోరు తెరుస్తాను. దీనికి రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది. లైన్లో ఉన్నవాళ్లు ఆ రెండు సెకన్లకీ గొణుగుతారు. గొణగనీ.

బ్యాంకు సాఫ్ట్‌వేర్. తప్పు ఎన్‌వీడీఏది కాదు గానీ చెప్పాలి. తయారుచేసినవాళ్లు బటన్‌కి పేరు పెడితేనే ఇది చదవగలదు. పెట్టకపోతే "బటన్", "బటన్", "ఎడిట్" అని ఊరుకుంటుంది. మా దాంట్లో సగం తెరలు అంతే. కాబట్టి వీధిలో ఇళ్లు లెక్కపెట్టుకున్నట్టు ట్యాబ్ కీ ఎన్నిసార్లు నొక్కాలో లెక్కపెట్టుకున్నాను. ఏడోది అకౌంట్ నంబరు, తొమ్మిదోది తేదీ, పద్నాలుగోది సబ్మిట్. ఒక రాత్రి అప్‌డేట్ వచ్చింది. పొద్దున్నే నా పద్నాలుగో ఇంట్లో 'క్యాన్సిల్' కాపురం పెట్టింది. అరగంట కష్టం పోయింది, ఆ రోజంతా టెన్షనే. అప్‌డేట్ వచ్చే ముందు చెప్పమని మెయిల్ పెట్టాను. ఇప్పుడు చెప్తున్నారు, మూడింట రెండుసార్లు.

అను ఫాంట్లు. తెలుగువాళ్లకి మాత్రమే ఉన్న తలనొప్పి ఇది. మండల సమాఖ్య నుంచి డ్వాక్రా సభ్యుల జాబితా వస్తుంది. చూసేవాళ్లకి చక్కటి తెలుగు. నా చెవిలో మాత్రం ఇంగ్లీషూ కాదు తెలుగూ కాదు, నోట్లో గులకరాళ్లు పోసుకున్నట్టు శబ్దాలు. కారణం ఏమిటంటే అను ఫాంట్లలో లోపల ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు గుర్తులకి తెలుగు బొమ్మ తొడుగుతారు. బొమ్మ చూసేవాళ్లకి తేడా తెలియదు. బొమ్మ తీసేస్తే మిగిలేదే నాకు వినపడుతుంది. సమాఖ్యలో కంప్యూటర్ పని చేసే కుర్రాడికి ఫోన్ చేస్తే "మాకు బాగానే కనపడుతోంది మేడమ్" అన్నాడు. అతను ఏదో పని మీద బ్రాంచికి వచ్చినప్పుడు ఇయర్‌ఫోన్ అతని చెవిలో పెట్టి, వాళ్ల సొంత ఊరి పేరు చదివించాను. మర్నాటి నుంచి జాబితాలు, లోపల కూడా తెలుగు అక్షరమే ఉండే యూనికోడ్‌లో, గౌతమి ఫాంట్‌లో వస్తున్నాయి. ఉత్తర్వులు, సర్క్యులర్లు టైపు చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకో దండం. యూనికోడ్‌లో కొట్టండి. మండలి, గిడుగు, రామభద్ర అని అందమైన ఫాంట్లు ఊరికే దొరుకుతున్నాయి కూడా.

స్కాన్ చేసిన కాగితాలు. ఎన్‌వీడీఏ కీతో ఆర్ నొక్కితే విండోస్‌లో ఉన్న ఓసీఆర్‌తో, అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే సదుపాయంతో, చదివే ప్రయత్నం చేస్తుంది. ఇంగ్లీషు శుభ్రంగా టైపు చేసి ఉంటే పర్లేదు. తెలుగు కాగితం పెడితే నాకు ఏమీ రాలేదు. దానికి ఫోనే గతి.

ఇక క్యాప్చాలు, అంటే నువ్వు మనిషివేనా అని వెబ్‌సైట్లు బొమ్మలతో పెట్టే పరీక్షలు. వాటి గురించి రాస్తే భాష పాడవుతుంది.

డబ్బు పెట్టి కొనే జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తాను. దాన్ని తెచ్చిన టెడ్ హెంటర్ అమెరికాలో మోటార్‌సైకిల్ రేసర్. ప్రమాదంలో చూపు పోయాక ఈ దారి పట్టారు. జాస్ పూర్తి పేరులోనే ఉద్యోగం ఉంది: జాబ్ యాక్సెస్ విత్ స్పీచ్. మొండి సాఫ్ట్‌వేర్లని దారికి తెచ్చుకోవడానికి అందులో స్క్రిప్టులు రాసుకునే వీలు బలంగా ఉంది. మా వేరే బ్రాంచి మిత్రుడికి ఆఫీసే కొనిచ్చింది, అతను దాన్ని వదలనంటాడు. ఆఫీసు కొనిస్తే తీసుకోండి. సొంత డబ్బులతో కొనాలంటే మాత్రం ముందు ఎన్‌వీడీఏ ఆరు నెలలు వాడి చూడండి.

ప్రైవేటులో ఉన్నవాళ్లకి ఈ కథ ఇంత సాఫీగా సాగదు. మా తమ్ముడిదీ నా జబ్బే. ఎన్‌వీడీఏలో నాకంటే రెండింతలు వేగం. ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్షలో ముక్కల్ని మౌస్‌తో లాగి గడుల్లో పెట్టే ప్రశ్నలు ఇచ్చారు. వాటికి కీబోర్డు దారి లేదు. "మీరు టెస్ట్ పూర్తి చెయ్యలేదు" అని మెయిల్. ప్రైవేటులో కోటా లేదు. కానీ సమాన అవకాశాల విధానం ప్రతి సంస్థా ప్రకటించాలని సెక్షన్ 21 చెప్తోంది. ఇరవై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ప్రైవేటు సంస్థలైతే ఏయే ఉద్యోగాలు వికలాంగులకి సరిపోతాయో, ఏ సదుపాయాలు ఇస్తారో కూడా అందులో రాయాలి. తమ్ముడు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే ఆ విధానం దొరికింది, నాలుగు పేజీల పీడీఎఫ్. స్కాన్ చేసిన బొమ్మ. స్క్రీన్ రీడర్ చదవలేదు.

ఇప్పుడు వాడు వేరేచోట పని చేస్తున్నాడు. ఆ పీడీఎఫ్ మాత్రం ఫోన్‌లో దాచుకున్నాడు.

కోర్టులు ఈ మధ్య మన వైపు గట్టిగానే మాట్లాడుతున్నాయి. 2025 మార్చిలో చూపు లేదన్న కారణంతో జడ్జి ఉద్యోగాలకి దూరం పెట్టకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో మన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసు. రంగులు సరిగ్గా గుర్తుపట్టలేడని ఇంటికి పంపేస్తే, వేరే పని ఇవ్వగలరో లేదో చూడకుండా ఎలా పంపుతారని కోర్టు అడిగింది, సరిపోయే ఉద్యోగం ఇవ్వమంది. ఆ వార్త నేను మధ్యాహ్నం డబ్బా తింటూ విన్నాను. ఆయన్ని పంపేసి అప్పటికే ఏళ్లు గడిచిపోయాయి. నా అయిదు నెలల గోల గుర్తొచ్చి కాసేపు అన్నం కలపలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి: మొదటి పది రోజులు తలనొప్పి వస్తుంది, మానెయ్యకండి. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టండి, రెండోది కస్టమర్‌ది. ఆఫీసులో పర్మిషన్ నోటి మాటగా అడగొద్దు. కాగితం మీద అడగండి, రిజిస్టరు నంబరు అడగండి. అటెండర్‌కి మొదటి రోజే చెప్పండి.

మార్కులు: ఎన్‌వీడీఏకి అయిదుకి నాలుగున్నర. ఆ అర మార్కు లక్షల కామాకి కోత. చట్టానికి కాగితం మీద నాలుగు. అది నా టేబుల్ దాకా వచ్చిన తీరుకి ఒకటి, అది కూడా ఫోన్ చేసిన ఆ పెద్దాయన మొహం చూసి.

వచ్చే నెల మా బ్యాంకు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి మారుతోందట. ట్రైనింగ్ లిస్టులో ఈసారి నా పేరు ఉంది, నేను అడక్కుండానే. బటన్లకి పేర్లు పెట్టారో లేదో చూసొచ్చి మళ్లీ రాస్తాను.